ఎనిమిదో నంబరు ఇంటి చంటిపై నాలుగో అర్జీ

అయ్యా,

విషయం: క్వార్టర్లలో ఎనిమిదో నంబరు ఇంటి కుక్క తొమ్మిదో నంబరు ఇంటి పిల్లిని కరచుట – పిల్లి బీరువా మీది నుండి దిగకుండుట – అర్జీదారుని భార్య ఈ ఆదివారము ఇల్లు విడిచి వెళ్ళనుండుట – సదరు కుక్కను కట్టివేయించమని కోరుట – గురించి.

సూచిక: ఇదే విషయమై ఇదే అర్జీదారుడు సమర్పించుకొన్న మూడు అర్జీలు; వాటికి ఈ కార్యాలయము పంపిన మూడు జవాబులు.

పురపాలక పశు సంరక్షణ విభాగములో వచ్చిన కాగితములు తీసుకొని, ముద్ర కొట్టి, నంబరు వేసి, తమరి బల్ల మీద పెట్టు ఇన్‌వార్డు గుమాస్తాను నేను. తమరి గది తలుపు తీసి ఉంటే నా బల్లకూ తమరి బల్లకూ పన్నెండు అడుగుల దూరము. క్వార్టర్లలో తొమ్మిదో నంబరు ఇల్లు నాది, ఎనిమిదో నంబరు తమరిది. రెంటికీ మధ్య మూడున్నర అడుగుల గోడ ఉన్నది. కాబట్టి సదరు కుక్క ఎవరిదో వేరే చెప్పనక్కర లేదు. అయినా అర్జీ అన్నాక ప్రతివాది ఎవరో స్పష్టముగా ఉండవలెను కనుక చెప్పుకొనుచున్నాను. కుక్క తమరిదే.

నేడు శుక్రవారము. ఎల్లుండి పది గంటల బస్సుకు నా భార్య పిల్లిని తీసుకొని తన అక్కగారి ఊరు వెళ్ళిపోతానంటున్నది. ఎన్నాళ్ళకు వస్తావని అడిగితే, "ఆ కుక్కని కట్టేసిన రోజు వస్తాను. అందాకా మీరు అర్జీలు రాసుకోండి," అన్నది. రాసుకొనుచున్నాను.

1. గత నెల పదకొండవ తేదీ ఉదయము ఏడు గంటల నలభై నిమిషములకు నా భార్య పెరటి మెట్టు మీద కూర్చుని దుప్పటి పిండుచుండెను. చిట్టి అను పేరు గల సదరు పిల్లి ఆమె పక్కన ఎండలో పడుకొని ఉండెను. వయసు పదకొండేళ్ళు. రంగు బూడిద. స్వభావము: ఎవరి జోలికీ పోదు, ఎవరు పిలిచినా రాదు. గోడ పై వరుసలో, నడుమ, రెండు ఇటుకలు ఊడిన చోటు ఒకటి ఉన్నది. చంటి అను పేరు గల తమరి కుక్క ఆ సందు మీదుగా మా పెరట్లోకి దూకి పిల్లి వెనక కుడికాలు పట్టుకొనెను. (చంటి బరువు సుమారు నలభై కిలోలు. పేరు పెట్టిననాడు అరచేతిలో ఇమిడేదట.) నా భార్య చేతిలో ఉన్న తడి దుప్పటితో దానికి నాలుగు తగిలించింది. నాలుగో దెబ్బకు కుక్క పిల్లిని వదిలి దుప్పటిని పట్టుకొన్నది. ఆ దుప్పటిలో సగము ఇప్పటికీ తమరి పెరట్లోనే ఉన్నది, చంటి దాని మీదే పడుకొంటున్నది. దుప్పటి వాపసు ఈ అర్జీలో కోరడం లేదు.

పిల్లి కాలికి ఏడు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన పశువుల డాక్టరు మన విభాగం మనిషే. కరిచిన కుక్క ఎవరిదని అడిగాడు. చెప్పాను. కలం ఆపి, కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, 'గాయమునకు కారణము: తెలియదు' అని రాశాడు.

ఆ సమయంలో అర్జీదారుడు ఎక్కడ ఉన్నాడని తమరికి సందేహం రావచ్చు. తలుపు వెనక ఉన్నాడు. ఇది అర్జీకి అవసరమైన సంగతి కాదు గానీ, నా భార్య రోజుకొకసారి గుర్తుచేస్తోంది కనుక రికార్డులో ఉండడమే మంచిది.

2. ఈ విషయమును నోటిమాటగా ఏల తెలుపుకొనలేదను ప్రశ్నకు: ప్రయత్నము జరిగినది. ఆ సాయంత్రమే గోడ దగ్గర నిలబడి, "సార్, ఒక చిన్న విషయం," అన్నాను. తమరు మొక్కలకు నీళ్ళు పోస్తూ, తల తిప్పకుండానే, ఆఫీసు విషయాలు ఇంటి దగ్గర వద్దనీ ఏదున్నా రేపు ఆఫీసులో చూద్దామనీ సెలవిచ్చారు. మర్నాడు పదకొండు గంటలకు తమరి గదిలోకి వచ్చి, "సార్, ఇంటి దగ్గర ఒక విషయం," అన్నాను. ఇంటి విషయాలు ఆఫీసులో వద్దనీ సాయంత్రం గోడ దగ్గర మాట్లాడుకుందామనీ సెలవిచ్చారు. ఆ సాయంత్రం ఈసారి ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను. గోడ దగ్గర తమరు లేరు, చంటి ఉంది. వెనక్కి వచ్చేశాను.

ఇలా గోడకూ గదికీ మధ్య మొత్తం ఐదు సార్లు తిరిగాను. 'విషయం' అన్న మాట దాటి నా నోరు ఒక్కసారి కూడా పెగల్లేదు. ఇంకొకరెవరైనా అయితే 'కుక్క' అన్న మాట ముందు అనేవారు. ఆ మాట ముందు వస్తే తమరూ తల తిప్పేవారేమో. ఇరవై రెండేళ్ళుగా ప్రతి కాగితం 'విషయం' దగ్గరే మొదలుపెట్టినవాడికి నోరు కూడా అక్కడే మొదలవుతుంది. అందులో తమరి తప్పు లేదు.

3. నోటితో కానిది కాగితంతో అవుతుందని గుమాస్తాలకు ఒక నమ్మకం. పద్నాలుగో తేదీన మొదటి అర్జీ రాశాను. ఇంట్లో రాసి, ఆఫీసుకు తెచ్చి, నాకు నేనే ఇచ్చుకుని, ముద్ర కొట్టి, 412 అని నంబరు వేసి, రసీదు చింపి నా జేబులో పెట్టుకున్నాను. అర్జీ తమరి బల్ల మీదకు వెళ్ళింది. మర్నాడు 'జవాబు వ్రాయుడు' అన్న తమరి పొట్టి సంతకంతో నా బల్ల మీదకే తిరిగి వచ్చింది. అర్జీ లోపలి కాగితం మడత మాత్రం విప్పినట్టు లేదు. మడతలో నేను గుర్తుగా పెట్టిన గుండుసూది పెట్టినట్టే ఉంది.

ఈ కార్యాలయంలో జవాబులు రాసేదీ నేనే. మన దగ్గర జవాబులు మూడు రకాలు, మూడూ తొమ్మిదేళ్ళ కిందట నేను కూర్చినవే. మొదటిసారి రాసుకున్నవారికి వెళ్ళేది ఇది: 'తమ అర్జీ అందినది. విషయము పరిశీలనలో ఉన్నది. తగు చర్య తగు సమయమున తీసుకొనబడును.' అప్పటి అధికారి దీన్ని చదివి, ఇందులో ఎవరికీ పట్టుకోవడానికి ఏమీ దొరకదని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు చాలాకాలం నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు అర్జీదారు నా సొంత మనిషి కదా అని వేరే రకంగా రాస్తే పక్షపాతం అవుతుంది. అందుకని అదే రాశాను, తమరు సంతకం పెట్టారు, నేనే కవరుకు గోందు రాసి పంపాను.

నాలుగో రోజున పోస్ట్‌మాన్ దాన్ని మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నా భార్య కవరు చింపి పైకి చదివింది. అర్థం కాలేదేమో అని ఇంకోసారి చదివింది.

"ఎవరండీ ఇది రాసినవాడు? వాడి పక్కింట్లో ఇలాంటి కుక్క పడితే తెలుస్తుంది వాడికి," అంది.

నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పడిందని ఎలా చెప్పను?

రెండో అర్జీకి రెండో రకం జవాబు వెళ్ళింది: 'ఆధారములు జతపరచవలెను.' అడిగింది నేనే కనుక ఇవ్వకపోతే బాగుండదు. మా దగ్గర మిగిలిన సగం దుప్పటినీ, ఒక కాగితం పొట్లంలో చంటి వెంట్రుకలనూ జతపరిచాను. ఆ పొట్లం నాలుగు రోజులు తమరి బల్ల మీద ఉంది. దాని మీద తమరు టీ గ్లాసు పెట్టుకునేవారు. ఐదో రోజు ఊడ్చే ఆమె చెత్తబుట్టలో వేసేసింది. దుప్పటి ఏమైందో తెలియదు. తమరి కుర్చీలో దిండు కింద ఏదో గళ్ళ గుడ్డ కనబడుతోంది గానీ, రుజువు లేకుండా ఆరోపించడం నా పద్ధతి కాదు.

మూడో అర్జీకి మూడో రకం: 'క్షేత్ర పరిశీలనకు ఆదేశించడమైనది.' ఆదేశం నిజంగానే వెళ్ళింది, ఇన్‌స్పెక్టరు నిజంగానే వచ్చాడు. మా ఇంటికి వస్తూ ఎనిమిదో నంబరు గేటు మీద బోర్డు చదివి, చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడ్డాడు. చంటి వచ్చి గేటు సందులోంచి అతని చెయ్యి నాకింది. నివేదికలో, 'కుక్క సౌమ్యము. పిల్లి పరిశీలనకు హాజరు కాలేదు,' అని రాశాడు. ఈ సంగతి నువ్వయినా సారుకు ఒక మాట చెప్పవయ్యా అని బతిమాలాను. తనకు పెళ్ళాం పిల్లలు ఉన్నారన్నాడు. నాకూ ఉంది కదా, అందుకే కదా నా బాధ, అన్నాను. అతను అప్పటికే సైకిలెక్కేశాడు.

4. బాధితులు మేమొక్కరమే కాదు. పదో నంబరులో ఉండే నర్సుగారి కుందేలు కుడిచెవి కొస పోయింది. పదకొండో నంబరులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఒక తాబేలు ఉంది. చంటి దాన్ని నోట కరుచుకుని వెళ్ళి తమరి పూలపాదులో పూడ్చిపెట్టింది. మూడు రోజుల తర్వాత అది తనంతట తానే తవ్వుకుని బయటపడి, నడుచుకుంటూ ఇల్లు చేరింది. మధ్యలో నలభై అడుగులే అయినా రావడానికి ఇంకో రోజు పట్టింది. పెద్దాయనను అర్జీ మీద సంతకం అడిగితే, తాబేలుకు ఏమీ కాలేదనీ, చంటికే పన్ను కదిలి ఉంటుందనీ, ఆ లెక్కన తానే తమరికి క్షమాపణ చెప్పుకోవాలేమోననీ భయపడ్డాడు. నర్సుగారు సంతకం పెట్టింది. ఎవరిదో గుర్తుపట్టకుండా ఎడమచేత్తో పెట్టింది. జతపరుస్తున్నాను. చదవడానికి ప్రయత్నించవద్దు.

5. ప్రస్తుత గృహ పరిస్థితి: ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున చిట్టి కుట్ల కాలితోనే ఎలా ఎక్కిందో గానీ బీరువా మీదకెక్కి, అక్కడున్న సూట్‌కేసు మీద కూర్చుంది. ఇరవై మూడు రోజులైంది. తిండి, నిద్ర అన్నీ అక్కడే. బయట చంటి మొరిగినప్పుడల్లా గోడ వైపు జరిగి చిన్నదైపోతుంది. నా భార్య రోజుకు మూడుసార్లు స్టూలెక్కి పాలగిన్నె పెడుతుంది, పెడుతూ దానితో మాట్లాడుతుంది. ఆ మాటల్లో సగం నా గురించే అయినా నా వైపు చూసి అనదు.

మా పెరటి తలుపుకు లోపలి గడియ పడింది. బట్టలు హాల్లో ఆరుతున్నాయి. ఇంట్లో ఎటు నడిచినా ముఖానికి తడి లుంగీ తగులుతుంది. కొళాయి పెరట్లో ఉంది కనుక ఉదయం నేను ఒక చేత్తో బకెట్టూ ఇంకో చేత్తో గొడుగూ పట్టుకుని వెళుతున్నాను. గొడుగు వానకు కాదు. చంటి గోడ మీదకు కాళ్ళు పెట్టి నిలబడినప్పుడు నేను గొడుగు విప్పుతాను, అది తల ఒక పక్కకు వంచి చూస్తుంది. అలా ఇద్దరం కాసేపు ఉంటాం. బకెట్టు నిండగానే నేను వెనక్కి నడుచుకుంటూ ఇంట్లోకి వస్తాను. తొమ్మిదో నంబరు గుమాస్తా వెనక్కి నడుస్తాడని పిల్లలు చెప్పుకుంటున్నట్టు తెలిసింది.

నా భార్య ప్రయాణానికి సూట్‌కేసు కావాలి. సూట్‌కేసు మీద చిట్టి ఉంది. నిన్నటి వరకు నా ఇల్లు నిలబడింది ఆ ఒక్క కారణం మీదే. నిన్న సాయంత్రం ఆమె పదో నంబరు నర్సుగారి దగ్గర ఒక సంచి అడిగి తెచ్చుకుంది.

6. ఈ అంశం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయకపోతే రికార్డు అసంపూర్ణమవుతుంది.

తమరి ముందుకు వెళ్ళే ప్రతి కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో నేను పెన్సిల్‌తో చిన్న గుర్తు పెడతాను. తమరు ఫోనులో మాట్లాడుతూ గుర్తు వెంట గుర్తు సంతకం పెట్టుకుంటూ వెళతారు. అరవై కాగితాలకు పదకొండు నిమిషాలు. నేను గడియారం చూశాను. అందులో తమరిని ఎగతాళి చేయడం లేదు. ఆ కాగితాల్లో ఉన్నవి నా మూడు రకాల జవాబులే, చదివితే మాత్రం ఏముంది?

ఈ బుధవారం నాకు బుద్ధి వక్రించింది. 'ఎనిమిదో నంబరు ఇంటి కుక్కను శనివారము ఉదయము విభాగపు వాహనములో స్వాధీనపరచుకొని ఊరి వెలుపలి సంరక్షణశాలకు తరలించవలెను. తిరిగి అప్పగించరాదు' అని ఒక ఉత్తర్వు తయారుచేశాను. అరవై ఒక్క కాగితాల్లో ముప్పై నాలుగోదిగా పెట్టాను. పెన్సిల్ గుర్తు పెట్టాను. తమరు సంతకం పెట్టారు. ఆ రోజు పెట్టిన సంతకాలన్నింటిలోకీ అదే బాగా కుదిరింది.

ఉత్తర్వు నా సొరుగులో పెట్టుకున్నాను. వాహనం డ్రైవరుకు అందిస్తే చాలు. నంబరు వేయడం నా చేతిలో పని, పంపడం నా చేతిలో పని. ఆ మధ్యాహ్నమంతా నేను బల్ల దగ్గర కాస్త నిటారుగా కూర్చున్నాను. తలుపు వెనక దాక్కున్నవాడిలా లేనని నాకే అనిపించింది.

ఆ సాయంత్రం గొడుగుతో కొళాయి దగ్గరకు వెళ్ళాను. తమరు పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. బూట్లు కూడా విప్పలేదు. తమరి కుటుంబం పిల్లల చదువు కోసం వేరే ఊళ్ళో ఉందని అందరికీ తెలిసిందే. ఇంట్లో దీపం కూడా వేయలేదు. చంటి తమరి ముందు కూర్చుని ఉంది. తమరు దానితో అంటున్నారు, "ఇవాళ అరవై ఒక్క సంతకాలు పెట్టానురా. ఒక్కడూ 'ఎలా ఉన్నారు' అనలేదు." అది తమరి బూటు మీద గడ్డం ఆనించింది. తమరు వంగి దాని చెవులు నిమిరారు.

నేను కొళాయి కట్టేసి, ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చేశాను. పన్నెండు అడుగుల దూరంలో ఆరేళ్ళుగా కూర్చుంటున్నాను. నేనూ అడగలేదు.

ఉత్తర్వును డ్రైవరుకు ఇవ్వలేదు. ఈ అర్జీకి జతపరుస్తున్నాను. తమరి సంతకం చేతనే తమరి ఇల్లు ఖాళీ చేయించబోయినందుకు తమరు ఏ చర్య తీసుకున్నా అనుభవిస్తాను. జవాబు మాత్రం దయచేసి నా చేత రాయించవద్దు.

7. అర్జీదారుని భార్య వెళ్ళిపోయినచో అర్జీదారునకు కలుగు ఇబ్బందుల వివరము: అర్జీదారునకు వంట వచ్చును. బట్టలు ఉతుకుకొనుట వచ్చును. గుండీ ఊడిన కుట్టుకొనుట వచ్చును. కావున ఇబ్బంది ఏమని తమరు అడగవచ్చును.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నేను చెప్పులు విప్పుతుండగానే లోపలి నుంచి "వచ్చారా" అని ఒక మాట వినబడుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా వినబడుతోంది. ఆమెకు జ్వరం వచ్చిన రోజున కూడా వినబడింది. నాతో సరిగా మాట్లాడని ఈ ఇరవై మూడు రోజుల్లోనూ, కోపంగానే అయినా, వినబడింది. ఆ మాటకు నేను ఏనాడూ జవాబు చెప్పినట్టు లేదు. వచ్చినవాడు వచ్చానని ఎందుకు చెప్పాలని అనుకునేవాణ్ణి. ఎల్లుండి నుంచి ఆ మాట ఉండదు. ఆ మాట అనేవాళ్ళు లేకపోతే నేను ఇల్లు చేరినట్టు నాకెలా తెలుస్తుంది? ఆమె లేకుండా నేను ఉండలేను. దీన్ని ఇంతకంటే సరైన భాషలో ఎలా రాయాలో నాకు తెలియదు, క్షమించవలెను.

కావున తమరిని కోరుకొనునది ఇంతే. చంటిని ఎక్కడికీ పంపవద్దు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, మా పెరట్లో ఎండ ఉండే సమయంలో, దాన్ని కట్టివేయించవలెను. ఊడిన రెండు ఇటుకలు పెట్టించవలెను. ఇటుకలు నా దగ్గర ఉన్నాయి, పెట్టేవాడు లేక కాదు, గోడ రెండు ఇళ్ళదీ కనుక ఎవరు పెట్టాలో తేలక ఆగాను. నేను పెడతాను, తమరు పట్టుకుంటే చాలు.

ఇంతకుమించి మొరపెట్టుకొనుటకు నా వద్ద మాటలు లేవు, ఉన్నవన్నీ ఇందులోనే పెట్టితిని. ఈ ఒక్కదానికి మడత విప్పి, ఫోను పక్కన పెట్టి, ఆసాంతము చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, తమ పక్కింటివాడు
ఇన్‌వార్డు గుమాస్తా, తొమ్మిదో నంబరు

జతపరచినవి: ఎడమచేతి సంతకము ఒకటి; ఉత్తర్వు ఒకటి.

తాజా కలం: శనివారం ఉదయం తొమ్మిది గంటలు.

నిన్న సాయంత్రం అర్జీ పూర్తిచేసి, శనివారం ఆఫీసుకు సెలవు కనుక సోమవారం అందజేసుకుందామని 519 అని నంబరు కూడా వేసి భోజనాల బల్ల మీద పెట్టి పడుకున్నాను. సోమవారానికి ఆదివారం అయిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఉదయం లేచేసరికి నా భార్య దాన్ని చదువుతూ కనబడింది. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో పంక్తి పంక్తీ చదువుతోంది. నేను స్నానానికి వెళుతున్నట్టు నటించి, తలుపు సందులోంచి చూస్తున్నాను. చివరి పేజీ అయిపోయాక కళ్ళజోడు తీసి మడిచింది. తర్వాత ఉత్తర్వు కాగితం ఒక్కటే చేత్తో పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే తమరి గేటు దగ్గరకు వచ్చింది. ఆ తర్వాత జరిగింది తమరికి తెలుసు. అయినా ఫైలులో ఉండాలి కనుక, కర్టెను వెనక నుంచి నేను విన్నంతవరకు రాస్తున్నాను.

ఆమె, "సార్, మీ చంటి మా పిల్లి కాలు కరిచింది. ఏడు కుట్లు పడ్డాయి. దాన్ని కట్టెయ్యండి," అంది.

తమరు పళ్ళు తోముకోవడం ఆపి, "అయ్యో, ఎప్పుడమ్మా? నాకెవరూ చెప్పలేదే," అన్నారు.

"మా ఆయన మూడు అర్జీలు పెట్టారు."

"ఎవరికి?"

"మీకే."

తమరు కర్టెను వైపు చూశారు. నేను వెనకే లేచి నిలబడ్డాను, ఆఫీసులో నిలబడినట్టే. తర్వాత ఆమె ఉత్తర్వు ఇచ్చింది. తమరు దాన్ని మొదటి అక్షరం నుంచి తమరి సంతకం దాకా చదివారు. ఆరేళ్ళలో తమరు ఒక కాగితం ఆసాంతం చదవడం నేను చూసింది ఇదే మొదటిసారి. చదివి, చంటి తల మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచారు. కోప్పడతారనుకున్నాను. తాడు ఉందా అమ్మా అని అడిగారు. మా బట్టల తాడు విప్పి ఆమే తెచ్చి ఇచ్చింది. ముడి వేయడం తమరికి రాలేదు, అదీ ఆమే వేసింది. అర్జీ కూడా పంపమని చెప్పమ్మా, చదువుతాను, అని తమరు అన్నట్టు ఆమె చెప్పింది. అందుకే పని ముగిసినా అర్జీని పంపుకుంటున్నాను. నంబరు వేసిన కాగితాన్ని కారణం రాయకుండా మూయడం కుదరదు కూడా. 'అర్జీదారుని భార్య నేరుగా మాట్లాడినందున ముగించడమైనది' అని రాసి సంతకం పెట్టగలరు. గుర్తు పెట్టలేదు. ఎక్కడైనా పెట్టవచ్చు.

ఇటుకల పనికి రేపు ఉదయం ఎనిమిదింటికి రమ్మని తమరు కబురు చేశారు, వస్తాను. చిట్టి ఇంకా బీరువా దిగలేదు. దిగమని ఎవరూ తొందర పెట్టడం లేదు. నర్సుగారి సంచి నర్సుగారికి వెళ్ళిపోయింది.

ఒక్క సవరణ ఉంది. తాడు ఇచ్చి తిరిగి వచ్చాక నా భార్య అర్జీని నా ముందు పెట్టి, చివరి పేజీ మీద వేలు ఉంచి అడిగింది. "ఆరు దాకా ఆయనకి రాశారు, సరే. ఈ ఏడోది నాకు చెప్పాల్సింది గానీ, ఆయనకెందుకండీ?"

దీనికి మన దగ్గర ఉన్న మూడు రకాల జవాబుల్లో ఏదీ పనికిరాలేదు. ఆమె వేలు తీయలేదు.

కావున ఏడవ అంశమును తమరి పరిశీలన నుండి ఉపసంహరించుకొనుచున్నాను. దానిని ఈ ఉదయము సంబంధిత వ్యక్తికి నోటిమాటగా చెప్పుకొన్నాను.